రాత్రి 8 దాటితే వలస కూలీలు ఊళ్ళో తిరగరాదన్న తీర్మానం సమంజసమేనా?

మానేటిగట్టు రైతు

మాది పాత కరీంనగర్ జిల్లాలో మానేరు ఒడ్డున ఉన్న ఊరు. ఈ యాసంగి నాట్లు మొదలైనప్పటి నుంచి మా శివారులో మూడు ట్రాన్స్‌ఫార్మర్లను పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయారు. తాళం వేసిన రెండిళ్ళలో బంగారం పోయింది. బావుల దగ్గర పోయిన మోటారు కేబుళ్ళకు లెక్కే లేదు. మా పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌ను దిమ్మె మీద నుంచి కిందికి తోసి, మూత విప్పి, రాగి చుట్టలు తీసుకొని, ఇనుప రేకులను గట్టు మీద పారేసి పోయారు. నూనె పారిన మడిలో నాటు నల్లగా మాడిపోయింది. కొత్తది వచ్చేదాకా దాని కింద ఉన్న రైతులమంతా చందాలు వేసుకొని, ట్రాక్టరు మాట్లాడుకొని, కార్యాలయాల చుట్టూ తిరిగాము. ఈలోగా రెండెకరాలు ఎండిపోయాయి.

నాట్లకు బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు, రైసుమిల్లుకు హమాలీలు వస్తున్న కాలమూ, ఈ దొంగతనాలు పెరిగిన కాలమూ ఒకటే కావడం మేము చూస్తూనే ఉన్నాము. అందుకే వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెడుతున్నాము. బయటి రాష్ట్రాల కూలీలు ఆధార్ నకళ్ళు పంచాయతీలో ఇవ్వాలి, రాత్రి 8 దాటాక తాము ఉంటున్న షెడ్లు విడిచి రాకూడదు, ఊరి నడుమ వాళ్ళకు ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వకూడదు. ఇందులో తప్పేమిటో ఎవరైనా చెప్పగలరా?

రిటైర్డ్ లైన్‌మన్

రైతు సోదరా, నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా స్తంభాలెక్కినవాణ్ణి కాబట్టి ఒక్క విషయమే అడుగుతాను. వ్యవసాయానికి 24 గంటల సరఫరాను 2018 జనవరి 1న ప్రారంభించిన తరువాత రాత్రిపూట కూడా లైన్లలో కరెంటు ఉంటోంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పడాలంటే ముందు 11 కేవీ వైపున్న ఏబీ స్విచ్, అంటే లైన్ నుంచి దానికి వచ్చే కరెంటును ఆపే స్విచ్, దించాలి. ఆ స్విచ్ ఏ గట్టు మీద ఉందో, దాని పిడికి తాళం ఉందో లేదో, ఏ లైను దించితే ఏ బావులు ఆగుతాయో నారు పీకి నాటు వేసి పోయే మనిషికి ఎలా తెలుస్తుంది? రైతులంతా మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు పెట్టుకొని ఇంట్లో పడుకుంటున్నారనీ, మోటారు ఆగినా తెల్లవారేదాకా ఎవరూ చూడరనీ తెలిసినవాడి పని ఇది. అలా తెలిసినవాడు మన మండలం వాడే అయి ఉంటాడు.

బట్టీ పక్కిల్లు

మా ఇంటి వెనకే బట్టీ ఉంది. పదేళ్ళుగా ఒడిశా వాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. మా దండెం మీది తువాలు కూడా పోలేదు.

మానేటిగట్టు రైతు

లైన్‌మన్ సారుకు ఆయన అనుభవం మీద ఉన్న నమ్మకాన్ని గౌరవిస్తాను. అయితే బయటి నుంచి వచ్చినవారిలో కరెంటు పని తెలిసినవారు ఉండరని ఎలా అంటారు? రైసుమిల్లులో మోటార్లు విప్పి బిగించేది ఎవరు? ఏబీ స్విచ్ దించడం గొప్ప విద్యేమీ కాదు. మా ఊరి పిల్లలు కూడా ఫ్యూజు పోతే లైన్‌మన్ రాడని తామే దించుకుంటున్నారు.

రిటైర్డ్ లైన్‌మన్

మీ ఊరి పిల్లలు కూడా దించుకుంటారని మీరే అంటున్నారు. నేను చెబుతున్నదీ అదే కదా.

జూనియర్ వకీలు

చట్టం మాట చెబుతాను. దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కును, ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. వాటికి పరిమితి పెట్టాలంటే అందుకొక చట్టం ఉండాలి, పంచాయతీ తీర్మానం చట్టం కాదు. కూలీల వివరాలు కావాలంటే అడగవలసింది కూలీని కాదు, మేస్త్రీని. ఐదుగురికి తగ్గకుండా బయటి రాష్ట్రపు కార్మికులను తెచ్చే గుత్తేదారు లైసెన్సు తీసుకోవాలనీ, ఒక్కొక్కరికీ ఫొటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలనీ 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. మీ ఊరికి వచ్చిన ఏ ముఠా మేస్త్రీ దగ్గరైనా మీరు లైసెన్సు చూశారా? నాట్లకు పిలిచినప్పుడు అడగని కాగితం దొంగతనం జరిగాక ఎందుకు అడుగుతున్నారు?

ఇంకొక విషయం. దొంగసొత్తని తెలిసి కొనడం కూడా నేరమే. విద్యుత్ లైన్లు, సామగ్రి దొంగిలిస్తే 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు ఉంది. కిలోల కొద్దీ రాగిని సంచిలో వేసుకొని ఎవడూ రైల్లో బీహార్ పోడు. దగ్గరి పట్టణంలో ఏదో ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంలోనే అది తూకానికి వస్తుంది. మీ తీర్మానంలో ఆ దుకాణాల ఊసే లేదు.

సౌదీలో జగిత్యాల

నేను రియాద్‌లో లేబర్ క్యాంపులో ఉంటున్నాను. ఒక్కొక్క గదిలో ఎనిమిది మందిమి ఉన్నాము. ఇక్కడ మేమే బయటివాళ్ళము. బజారులో ఏది పోయినా ముందు మా వైపే చూస్తారు. మా ఊళ్ళలో ప్రతి వాడకట్టు నుంచీ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. అలాంటి ఊళ్ళు ఇలాంటి తీర్మానం చేస్తున్నాయంటే నాకు బాధగా ఉంది.

మానేటిగట్టు రైతు

తమ్ముడూ, నీ కష్టం నాకు తెలుసు, మా అన్న కొడుకు కూడా మస్కట్‌లో ఉన్నాడు. కానీ నువ్వు చెప్పినది నా వాదనకే బలమిస్తోంది. అక్కడ నీ వేలిముద్ర తీసుకున్నారు, అక్కడ ఉండడానికి అనుమతిగా ఇఖామా కార్డు ఇచ్చారు, అది జేబులో లేకుండా నువ్వు బయట అడుగు పెట్టలేవు. నిన్ను రప్పించిన యజమాని పేరు ప్రభుత్వం దగ్గర ఉంది. నేను అడుగుతున్నది అందులో పదో వంతు కూడా కాదు. ఒక ఆధార్ నకలు అడిగితే ఇంత గొడవెందుకు?

సౌదీలో జగిత్యాల

ఆ కార్డు నాకు ఎంత భయాన్ని ఇచ్చిందో నీకు తెలియదన్నా. నా దేశంలో నా తోటి పౌరుడికి ఆ భయం ఉండకూడదని చెబుతున్నాను.

స్టువార్టుపురం మనవడు

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. రాత్రి 8 అన్న మాట దగ్గర ఆగిపోయాను కాబట్టి రాస్తున్నాను. మాది బాపట్ల దగ్గరి స్టువార్టుపురం. 1911 నేరస్థ జాతుల చట్టం కింద మా ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్మెంటు అది. మా తాతల పేర్లు పుట్టుకతోనే రిజిస్టరులోకి ఎక్కేవి. రాత్రి హాజరు పలకాలి. పొరుగూరికి పోవాలంటే చీటీ కావాలి. ఎక్కడ ఏది పోయినా ముందు మా ఇళ్ళే వెతికేవారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా నేను జిల్లా కేంద్రంలో డిగ్రీ చదువుతున్నప్పుడు ఊరి పేరు చెప్పగానే ఇంటి యజమాని అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టాడు.

మీ తీర్మానంలో ఉన్న మూడు షరతులు, అంటే పేర్ల నమోదు, రాత్రి కట్టడి, ఊరి బయట నివాసం, మా తాతల మీద పెట్టినవే. వాటివల్ల ఆ రోజుల్లో దొంగతనాలు ఆగలేదు. మమ్మల్ని దొంగలని పిలిచే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

మానేటిగట్టు రైతు

మీ తాతల మీద జరిగినది అన్యాయమే, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ తెల్లదొరల చట్టాన్నీ, ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఎండుతున్న పొలాన్నీ ఒకే గాటన కట్టకండి. ఇక్కడ రాస్తున్నవారిలో ఒకరు బాపట్ల వారు, ఒకరు రియాద్‌లో ఉన్నారు, ఒకరు కోర్టులో ఉంటారు. రాత్రి టార్చి పట్టుకొని బావుల వెంట కావలి తిరుగుతున్నది మేము. పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇస్తే రసీదు కోసమే రెండు సార్లు పోవలసి వచ్చింది. పోలీసు రాడు, కరెంటు కార్యాలయం వాడు కదలడు. మమ్మల్ని మేము కాపాడుకోవడం కూడా తప్పేనా?

బట్టీ పక్కిల్లు

మొన్న రాత్రి జరిగినది కూడా రాయండి. మిల్లు హమాలీ పిల్లవాణ్ణి పంచాయతీ ముందు స్తంభానికి కట్టేశారు కదా. ఫోన్ సిగ్నల్ అందక చెరువు కట్ట ఎక్కాడు, అంతే. వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు.

మానేటిగట్టు రైతు

కట్టింది నేను కాదు. కట్లు విప్పించింది నేను. ఊళ్ళో ఉన్నవారికి ఆ సంగతి తెలుసు.

జూనియర్ వకీలు

విప్పించినందుకు మీకు నమస్కారం. కానీ ఆ రాత్రి మీరు అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భాష రానివాళ్ళను, బిచ్చగాళ్ళను కట్టేసి కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో పాటలతో అది పుకారని చెప్పించవలసి వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఐదుగురు లేదా అంతకు మించి గుమిగూడి పుట్టిన చోటును బట్టో భాషను బట్టో ఒక మనిషిని చంపితే యావజ్జీవం నుంచి ఉరి దాకా శిక్ష ఉంది. మీ తీర్మానం ఆమోదం పొందితే, 8 దాటాక కనిపించిన ప్రతి కొత్త మనిషినీ కట్టేసే హక్కు తమకు ఉందని కుర్రవాళ్ళు అనుకుంటారు.

నాట్ల కూలీ బిడ్డ

నేను ఈ ఊరి అమ్మాయినే. మా అమ్మ ఇరవై ఏళ్ళు నాట్ల ముఠా నడిపింది. అందరూ దొంగతనం గురించి మాట్లాడుతున్నారు కానీ, ఊళ్ళో ఆడవాళ్ళ మనసులో ఉన్నది వేరు. ఇక్కడ నాటు వేయడం ఎప్పుడూ ఆడవాళ్ళ పనే. ఏడాది పొడవునా కైకిలికి పోతే ఎంత ఇస్తే అంత తీసుకొనేవాళ్ళము. నాట్ల రోజుల్లో మాత్రం మా అమ్మ రేటు చెప్పేది, పటేళ్ళు వచ్చి మా అరుగు మీద కూర్చొని బతిమాలేవారు. ఎకరాకు గుత్త మాట్లాడుకొని మగవాళ్ళ ముఠాలను బయటి నుంచి దింపిన నాటితో అది పోయింది. మీ మూడెకరాలకూ మొదటిసారి ఆ ముఠాను పిలిపించింది మీరే కదా కాకా? ఆ రోజు మా అమ్మ మీ ఇంటికి వచ్చి అడిగితే, వాళ్ళు ఒక్క పూటలో వేసేస్తారని చెప్పి పంపారు.

వాళ్ళ చేతి పని మీకు కావాలి. పగలంతా మీ మడిలో వంగి ఉండాలి, చీకటి పడగానే కనపడకుండా పోవాలి. మా వాడకట్టులో మిల్లు హమాలీ కుటుంబానికి గది అద్దెకు ఇచ్చింది మేమే. ఆ అద్దె మాకు రేషన్ తరువాతి సరుకులకు సరిపోతోంది. మీ తీర్మానం ముందుగా మా అద్దెనే కొడుతుంది.

రిటైర్డ్ లైన్‌మన్

ఈ అమ్మాయి చెప్పినదానికి సమాధానం రావాలి.

మానేటిగట్టు రైతు

చెబుతానమ్మా. పిలిపించాను, నిజమే. నారు ముదిరిపోతోంది, మనుషులు దొరకలేదు, మీ అమ్మ ముఠా వారం ఆగమన్నది. ఆగితే నా పంట దెబ్బతినేది. దొంగతనాల వల్ల నాకు కోపం ఉన్న మాట వాస్తవం. దానితో పాటు ఇంకొకటి కూడా ఉంది. పొద్దున లేచి బస్టాండు దగ్గర నిలబడితే సగం ముఖాలు నాకు తెలియవు. నేను పలకరిస్తే వాళ్ళకు అర్థం కాదు, వాళ్ళు మాట్లాడుకొనేది నాకు అర్థం కాదు. నా పిల్లలు హైదరాబాదులో ఉన్నారు, తిరిగి రారు. ఈ ఊరు రేపు ఎవరిదన్న భయం నాకు ఉంది. అది మీకు తప్పుగా అనిపిస్తే అనిపించనివ్వండి.

పాత సామాన్ల దుకాణాల మీద తనిఖీ కోరడం, మేస్త్రీల లైసెన్సు చూడడం, ఈ రెండింటినీ తీర్మానంలో చేర్చమని సర్పంచితో చెబుతాను. రాత్రి కట్టడిని మాత్రం వదులుకోను. రాగి పోయేది రాత్రే.

నాట్ల కూలీ బిడ్డ

అలాగైతే ఇంకొక వాక్యం కూడా చేర్చండి కాకా. ముఠాను పిలిపించిన రైతే వాళ్ళ పేర్లు, మేస్త్రీ ఫోను నంబరు పంచాయతీలో తన సంతకంతో రాసి ఇవ్వాలి. వాళ్ళ మీద ఫిర్యాదు వస్తే ముందు ఆ రైతును పిలిచి అడగాలి. ఈ వాక్యం ఉన్న తీర్మానానికి గ్రామసభలో ఎంతమంది పటేళ్ళు చెయ్యి ఎత్తుతారో చూద్దాం. మా వాడకట్టు ఆడవాళ్ళందరం వస్తాము.

మానేటిగట్టు రైతు

రండి. నా వరకు నేను సంతకం పెడతాను. మిగతావారి మాట నేను చెప్పలేను.