ఆర్ట్స్ కాలేజీ 1983-86 ఎంపీసీ వాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారు?

హన్మకొండవాసి:
సుబేదారి ఆర్ట్స్ కాలేజీ బీఎస్సీ మన సెక్షన్ గ్రూపులో మగవాళ్లు దాదాపు అందరూ దొరికారు. ఆడపిల్లల్లో ముగ్గురే. నా సంగతి చెప్తా. జూనియర్ లెక్చరర్‌గా చేసి, 61 నిండి రిటైరయ్యాను. అమ్మాయి కాజీపేటలో రైల్వే ఉద్యోగం. అబ్బాయి బెంగళూరులో, సంబంధాలు చూస్తున్నాం. మీ కబుర్లు రాయండి. మిగతా అమ్మాయిల ఆచూకీ తెలిస్తే తప్పకుండా చెప్పండి.

గోదావరిఖని:
నాన్న ఉద్యోగం నాకొచ్చింది, సింగరేణిలో బదిలీ వర్కర్‌గా, అంటే డ్యూటీకి రానివాళ్ల బదులు పనిచేసేటోడిగా చేరిన. డిగ్రీ చదివి బొగ్గుబాయిల దిగుతవా బిడ్డా అని అమ్మ ఏడ్చింది. తర్వాత ఆఫీసులోకి మారిన. ఇప్పుడు క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలలో ఉంటున్నం. నాతో హాస్టల్ గదిలో ఉన్న మనోడు 2021 మేలో కరోనాతో పోయిండు. వాడి నంబర్ నుంచి ఫోనొస్తే ‘చెప్పురా’ అంటూ ఎత్తిన. మాట్లాడింది వాళ్లావిడ. బిడ్డ నర్సింగ్ ఫీజు మనవాళ్లు కొందరు కలిసి కట్టినం. ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాద్‌లో డ్యూటీ చేస్తోంది.

ఫ్రిస్కో నుంచి:
నేను 1998లో ప్రైవేటు స్కూల్ ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, 2000 వచ్చేసరికి కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే వైటూకే పనికి ఇటు అమెరికా వచ్చాను. మాకు పౌరసత్వం వచ్చింది. తమ్ముడి కొడుకు మాత్రం ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాడు. వాళ్ల పాపకు 21 నిండేలోపు రాకపోతే హెచ్4 అనే డిపెండెంట్ వీసా పోతుంది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్. అమ్మ హంటర్ రోడ్డు ఇంట్లోనే ఉంది, రమ్మంటే రాదు.

పరకాల టీచర్:
ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఆడవాళ్లను వెతకాలంటే ఒక దారుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా, సర్వీసు రిజిస్టర్‌లో మామూలుగా పదో తరగతి మెమోలోని పేరే ఉంటుంది. టీచర్ల సీనియారిటీ జాబితాల్లో ఆ పేరు, పుట్టిన తేదీ కనిపిస్తాయి. మన బోటనీ వాళ్ల రికార్డులకు కూడా బొమ్మలు వేసిపెట్టిన అమ్మాయి అలాగే దొరికింది, జనగామ దగ్గర హెడ్‌మాస్టర్‌గా చేసింది.

ఉద్యోగం చేయనివాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఫిజిక్స్ ల్యాబులో స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుంటే, కాంతి గీత ఎక్కడుందో నాకంటే ముందే పట్టేసే అమ్మాయి గుర్తుందా? ఫైనలియర్ మధ్యలో పెళ్లి చేసి నర్సంపేట వైపు ఇచ్చారు. పరీక్షలు కూడా రాయలేదు. అత్తగారి ఇంటిపేరు మనలో ఎవరికీ తెలియదు. సెక్షన్‌లో అందరికంటే బాగా చదివిన మనిషి ఆమే. నాకు ఆమె కావాలి.

హన్మకొండవాసి:
గుర్తుంది మేడమ్. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు కదా, కలిసేది ఆ వారంలోనే పెట్టుకుందామా?

పరకాల టీచర్:
మా వయసుకు తల్లిదండ్రులు లేని ఇళ్లే ఎక్కువండీ. అన్నదమ్ములు పిలిస్తేనే వస్తారు. అందుకే ముందు అన్నదమ్ములను పట్టుకోవాలి. ఆమెది రాయపర్తి. అన్నకు అక్కడ ఎరువుల దుకాణం ఉండేది.

గోదావరిఖని:
రాయపర్తిల మా బావమరిది ఉన్నడు మేడమ్. ఆ దుకాణం ఎవరిదో రేపు పొద్దున్నే అడుగుత.