అప్‌డేట్: కార్న్ స్నేక్, కింగ్ స్నేక్ సంకరం గుడ్లు (అనంతపురం)

నా పెంపుడు కార్న్ స్నేక్ (విషం లేని పాము) కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌తో (ఇతర పాముల్ని కూడా తినే, విషం లేని పాము) జతకట్టి గుడ్లు పెట్టింది, ఎలా పొదిగించాలని ఇంతకుముందు అడిగాను కదా. మామూలు కార్న్ గుడ్ల పద్ధతే సరిపోయింది: వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే ఖనిజపు పొట్టు), నీళ్లు సమాన బరువు, 27–28 డిగ్రీలు, సుమారు 60 రోజులు. ఏ వైపు పైకి ఉందో తెలిసేలా గుడ్డు పైన పెన్సిల్ చుక్క పెట్టుకోండి. బోర్లిస్తే పిండం చచ్చే ప్రమాదం ఉంది.

మన అనంతపురం ఎండల్లో హీట్ ప్యాడ్ దండగ, చల్లబరచడమే అసలు పని. 32 డిగ్రీలు దాటితే పిల్లల వెన్ను వంకరపోయే ప్రమాదం. థర్మకోల్ పెట్టెలో ఐస్ సీసా పెట్టండి, గుడ్ల డబ్బాకు తగలకూడదు. సొట్టపడిన గుడ్డును పారేయకండి. చుట్టూ వర్మిక్యులైట్ తడిపితే చాలాసార్లు ఉబ్బుతుంది. నీళ్లు గుడ్డు మీద మాత్రం పడనీయొద్దు.

ఇప్పుడు పెంకులు చీలాయి. పిల్లలు తల బయటపెట్టి ఒకట్రెండు రోజులు అలాగే ఉంటాయి, లాగొద్దు. బయటికొచ్చాక ఒక్కోదాన్ని విడి డబ్బాలో వేయాలి: కింగ్ పోలిక వస్తే తోబుట్టువునే మింగేస్తుంది!