కాసాబ్లాంకాలో హసన్-2 మసీదుకు ఒక పూట ఇవ్వాలా, నేరుగా ఫెస్‌కి పోవాలా?

ప్లానరు_నాని:
మొరాకోకి ఆరు రోజులు. గురువారం పొద్దున కాసాబ్లాంకాలో దిగుతాం, తిరుగు విమానం మంగళవారం రాత్రి మర్రకేష్ నుంచి. నలుగురం, ముస్లిములం కాదు. మాకు కావాల్సింది పాత మసీదులు, మద్రసాలు, సమాధులు. ఎడారి, ఒంటెలు అక్కర్లేదు. గొడవంతా మొదటి రోజు గురించే. హసన్-2 మసీదు 1993లో ప్రారంభమైంది, దానికి చరిత్రేముందని ఇద్దరి వాదన. లోపలికి రానిచ్చే పెద్ద మసీదు అదొక్కటే కదా అని మిగతా ఇద్దరి వాదన. తెలిసినవాళ్లు తేల్చండి.

పాతరాయి:
నా ఓటు పాత కట్టడాల ఊరు ఫెస్‌కే. హసన్-2 మసీదు పని మొదలైంది 1986లో, గీసింది మిషెల్ పాంసో అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు. 210 మీటర్ల మినారు, లోపల 25 వేల మంది పట్టే హాలు, జరిపితే తెరుచుకునే కప్పు. ఎంత ఎత్తు, ఎంత బరువు అన్న లెక్కలే తప్ప పాత కట్టడాల కోసం వచ్చినవాళ్లకు అక్కడ దొరికేదేముంది? ఫెస్‌లో అల్-అత్తారిన్ మద్రసా 1325 నాటిది, బూ ఇనానియా 1350ల నాటిది. గుప్పెడు ప్రాంగణంలో నాలుగు గోడలు చదవడానికి గంట చాలదు.

రైలు లెక్క కూడా చూసుకోండి. కాసా వోయాజర్ స్టేషన్ నుంచి ఫెస్‌కి దాదాపు నాలుగు గంటలు. టాంజియర్ వైపు పోయే అల్ బొరాక్ వేగపు రైలు ఫెస్‌కి వెళ్లదు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసినవాళ్లు చాలామంది పప్పులో కాలేశారు. మధ్యాహ్నం దాకా కాసాలో ఉంటే ఫెస్ చేరేసరికి చీకటి పడుతుంది. ఆ వేళ మదీనా (పాత ఊరు) సందుల్లో బస వెతుక్కోవడమంటే చుక్కలు కనిపిస్తాయి.

సున్నం_బెల్లం:
పాతరాయి గారూ, మీరు కట్టడం వయసు చూస్తున్నారు గానీ పని వయసు చూడట్లేదు. ఆ మసీదులో కూర్చిన జెలీజ్ (రంగు పలకల ముక్కల కూర్పు) పద్ధతి, మీరు మెచ్చుకునే అత్తారిన్ గోడ మీది పద్ధతి ఒకటే. ముందు చదరపు మట్టి పలకలు కాల్చి, రంగు గాజుపూత పూసి మళ్లీ కాలుస్తారు. వాటిని బరువైన సుత్తితో, చిన్న దిమ్మె మీద పెట్టి ఒక్కో ముక్కగా కొడతారు. ముక్క వెనక అంచు లోపలికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ముందు వైపు అతుకు వెంట్రుక మందాన కూడా కనపడదు. కూర్చేటప్పుడు రంగు కిందికి, వెనక భాగం పైకి ఉంటాయి. అంటే పనివాడికి తను పేరుస్తున్న రంగులు కనపడవు, నమూనా అంతా బుర్రలో ఉండాల్సిందే. తర్వాత వెనక నుంచి గచ్చు పోసి, పలక గట్టిపడ్డాక ఎత్తి గోడకు నిలబెడతారు.

హసన్-2లో ఇదంతా చెక్కుచెదరకుండా కనపడుతుంది: కింద జెలీజ్, మధ్యలో జిప్సం చెక్కడం, పైన దేవదారు చెక్క. పాతవాటిలో ఏది 14వ శతాబ్దపు ముక్కో, ఏది మొన్నటి మరమ్మతో కన్ను అలవాటు పడితే గానీ తెలియదు. మొదట కొత్తదాంట్లో అక్షరాలు దిద్దుకుని, తర్వాత పాతదాన్ని చదవండి.

పాతరాయి:
అక్షరాల మాట మీరే ఎత్తారు కాబట్టి ఒకటి చెప్తాను. అత్తారిన్‌లోనూ బూ ఇనానియాలోనూ జెలీజ్‌కి పైన నల్లటి రాత పట్టీ ఒకటి చుట్టూ తిరుగుతుంది. అవి రంగుతో రాసిన అక్షరాలు కావు. పలక మొత్తానికి నల్ల పూత వేసి కాల్చి, అక్షరం చుట్టూ ఉన్న పూతను గీకి తీసేశారు. మిగిలిన నలుపే అక్షరం. పక్కనుంచి చూస్తే అక్షరం నిగనిగలాడుతుంది, చుట్టూ మట్టి గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. మూడు అడుగుల దూరంలో నిలబడి చూడాల్సిన పని అది. వంద మీటర్ల వెడల్పు హాలులో గైడు వెనక పరుగెడుతూ ఏం చూస్తారు?

కడ్డీ_కాంక్రీటు:
ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ మసీదులో కొంత భాగం సముద్రం మీదికి కట్టారు. పదేళ్లు తిరిగేసరికి కాంక్రీటు పగలడం మొదలైంది. అలల తుంపరలోని ఉప్పు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా కడ్డీ దాకా దిగుతుంది. కడ్డీ మీద క్షారంతో ఏర్పడిన రక్షణ పొరను క్లోరైడ్ చెరిపేస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి నెట్టి పైపెచ్చు ఊడగొడుతుంది. 2005 నుంచి మరమ్మతు మొదలుపెట్టి, మాలిబ్డినం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడారు. విశాఖలోనో కాకినాడలోనో బీచ్ ఎదుట అపార్ట్‌మెంట్ ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కట్టడాల మీద ఆసక్తి ఉంటే టూరు అయ్యాక సముద్రం వైపు నడవండి, అసలు పాఠం అక్కడుంది.

ప్లానరు_నాని:
మిగతా మసీదుల్లోకి ఎందుకు రానివ్వరు? ఖురాన్‌లో ఉందా?

పాతరాయి:
ఆ నిషేధం 1912లో ఫ్రెంచి రెసిడెంట్ జనరల్‌గా వచ్చిన ల్యోతే పెట్టిందని అందరూ చెప్పే మాట. సైనికులూ టూరిస్టులూ మసీదుల్లో దూరితే జనం తిరగబడతారని ఆయన లెక్క.

సున్నం_బెల్లం:
ల్యోతే కంటే ముందు కూడా మొరాకోలో ఆ ఆచారం ఉందనీ, మాలికీ (ఇస్లాం న్యాయ శాఖల్లో ఒకటి) సంప్రదాయమే కారణమనీ వాదించేవాళ్లున్నారు. కానీ ట్యునీషియాలోని కైరవాన్ కూడా మాలికీ కేంద్రమే. అక్కడి పెద్ద మసీదు ప్రాంగణంలోకి అందరినీ రానిస్తారు, నమాజు హాలును గుమ్మం నుంచి చూడనిస్తారు. కాబట్టి ఒక్క మాలికీ మీదికి తోసేయలేం. కొండల్లోని తిన్మెల్ మసీదుకు మాత్రం ఈ నిషేధం ఉండేది కాదు. 2023 సెప్టెంబరు భూకంపంలో అది బాగా దెబ్బతింది, మీ ప్లాన్‌లో పెట్టుకోకండి.

మదీనా_మ్యాపు:
"లోపలికి వెళ్లే ఏకైక చోటు" అన్న మాట దగ్గరే లెక్క తప్పింది. మర్రకేష్‌లో బెన్ యూసుఫ్ మద్రసా ఉంది, 1565 నాటిది, 2022లో మరమ్మతు తర్వాత మళ్లీ తెరిచారు. దాని నమాజు గదిలోకి వెళ్లి మిహ్రాబ్ (మక్కా దిశ చూపే గోడ గూడు) ముందు నిలబడొచ్చు. మెట్లెక్కితే విద్యార్థుల గదులు కూడా, కొన్నిట్లో మనిషి పడుకుంటే గది నిండిపోతుంది.

బూ ఇనానియా సంగతి వేరు. అది మద్రసా, జుమ్మా మసీదు రెండూ. ప్రాంగణానికీ నమాజు హాలుకీ మధ్య సన్నటి నీటి కాలువ పారుతుంది, మీ హద్దు ఆ కాలువే. ఇవతల నుంచే హాలు బాగా కనపడుతుంది. ఫెస్‌లోని పాత పెద్ద మసీదు కరవియ్యీన్‌లో తలుపు తెరిచి ఉన్నప్పుడు గుమ్మం బయట నుంచి తొంగిచూడటమే. అక్కడ గైడ్లందరూ 859లో ఫాతిమా అల్-ఫిహ్రి కట్టించిందని చెప్తారు. మరమ్మతుల్లో బయటపడ్డ శాసనం మాత్రం 877 అనీ, దావూద్ ఇబ్న్ ఇద్రీస్ కట్టించాడనీ అంటుంది. గైడుతో వాదనకు దిగితే సగం రోజు పోతుంది.

ఫెస్‌లో బాబ్ బూజ్లూద్ ద్వారం నుంచి తలా కబీరా వీధి పట్టుకుంటే దారంతా దిగుడే. బూ ఇనానియా మొదట్లోనే, అత్తారిన్ చివర్లో. "బాలక్!" అని కేక వినపడితే వెనక గాడిద వస్తోందని అర్థం, గోడకు అతుక్కోండి. "ఆ దారి మూసేశారు, నా వెంట రండి" అనే కుర్రాడికి దణ్ణం పెట్టి ముందుకు నడవండి, దారి ఎవరూ మూయలేదు. అత్తారిన్‌కి మిట్టమధ్యాహ్నం వెళ్లండి. అంత ఇరుకు ప్రాంగణంలోకి ఎండ దిగేది అప్పుడే. పైనుంచి గోడను రాసుకుంటూ పడ్డ వెలుగులో జిప్సం చెక్కడం లోతు తెలుస్తుంది.

లోపలికి వెళ్లకుండా చూడగలిగింది ఇంకోటి: మర్రకేష్‌లోని కుతుబియా మసీదు. మినారు 77 మీటర్లు. పక్కన ఖాళీ స్థలంలో స్తంభాల మొదళ్లు కనపడతాయి, అది అల్మొహద్ రాజవంశం కట్టిన మొదటి మసీదు. దాన్ని కట్టాక, పక్కనే కొద్ది డిగ్రీలు తిప్పి రెండోది కట్టారు. మక్కా దిశ తప్పిందని సరిచేశారని చెప్తారు. ఫోనులో దిక్సూచి తీసి చూడండి. మర్రకేష్ నుంచి మక్కా దాదాపు నేరుగా తూర్పు. రెండు మసీదులూ ఆగ్నేయం దాటి దక్షిణానికి మొగ్గాయి, రెండోది ఇంకొంచెం ఎక్కువగా!

ప్లానరు_నాని:
అయితే గురువారం మధ్యాహ్నం దాకా కాసా, సాయంత్రం రైలెక్కి ఫెస్, శుక్ర, శని అక్కడే. సరేనా?

సున్నం_బెల్లం:
శుక్రవారం ఫెస్ వద్దండీ. మదీనాలో సగం కొట్లు మూత, నమాజు వేళ బూ ఇనానియాలోకి రానివ్వరు. గురువారం రాత్రికి రబాత్‌లో ఆగండి, కాసా నుంచి గంట ప్రయాణం, ఎలాగూ ఫెస్ దారిలోదే. శుక్రవారం అక్కడి హసన్ గోపురం అనే పాత మినారు చూడండి. దాన్ని కట్టిస్తున్న అల్మొహద్ సుల్తాన్ యాకూబ్ అల్-మన్సూర్ 1199లో చనిపోవడంతో 44 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఎదురుగా రాజు ఐదో మహమ్మద్ సమాధి, 1971లో పూర్తయింది, ముస్లిమేతరులకూ ప్రవేశం ఉంది, టికెట్ లేదు. పై వరండా నుంచి కిందనున్న సమాధిని చూడాలి. సాయంత్రం రైలుకు ఫెస్. శని, ఆదివారాలు అక్కడ. సోమవారం పగలంతా రైల్లో మర్రకేష్‌కి, మంగళవారం పొద్దున బెన్ యూసుఫ్, కుతుబియా. సాదీ రాజవంశపు సమాధులు కూడా చూడాలంటే తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి. పన్నెండు స్తంభాల గదిని గుమ్మంలోంచే చూడాలి, క్యూ ముదిరితే ఎండలో నిలబడాలి.

పాతరాయి:
ఈ వరసైతే నాకు అభ్యంతరం లేదు, ఫెస్‌కి రెండు రోజులు మిగిలాయి కదా. హసన్-2 గొప్పదని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

మదీనా_మ్యాపు:
నానీ, మీరు నలుగురు అన్నారు. పెటీ ట్యాక్సీలో ముగ్గురినే ఎక్కించుకుంటారు, కాసాలో ఎర్రవి, రబాత్‌లో నీలంవి. రెండు బండ్లు మాట్లాడుకుని, రెంటిలోనూ ఎక్కేముందే "కోంతూర్" అని మీటరు వేయించండి. మసీదు టూరుకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు చాలు. చెప్పులు సంచిలో పెట్టుకుని చేత్తో మోసుకెళ్లాలి, కాబట్టి లేసుల బూట్లు ఆ రోజుకు మానేయండి.