సెల్ టవర్లు పోతే పిల్లల ఇళ్ళకు కబురు ఎలా చేర్చాలి?

నమస్కారం అండి. విశాఖలో గాజువాక వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆఫీసు పని చూస్తాను, పిల్లలు 300 మంది దాకా ఉంటారు. మొన్న వాయుగుండం రోజు సెలవని ప్రిన్సిపాల్ గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అంతలోనే ఎవరో బడి ఉందన్న పాత మెసేజ్ మళ్ళీ పంపేశారు. అసలు స్మార్ట్‌ఫోనే లేని ఒక మామ్మగారు మనవడి పుస్తకాల సంచికి పాలిథిన్ కవర్ చుట్టి, తాళం వేసిన గేటు దగ్గర గంటసేపు వానలో నిలబడ్డారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి కదా, అప్పుడు హామ్ రేడియో వాళ్ళు (సెల్ టవర్లతో పని లేకుండా సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికులు) కబుర్లు చేరవేశారు. తుఫానుకైతే ముందే చెప్పే వీలుంటుంది. కానీ 2020 మే 7న విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా. మా చుట్టూ ఫ్యాక్టరీలే, అలాంటిది బడి నడిచే వేళలో జరిగితే పిల్లల్ని లోపలే ఉంచాలా, పంపించాలా, ఆ మాట ఎవరు చెప్పాలి? ప్రిన్సిపాల్ గారు అందుబాటులో లేకపోతే ఎవరు?

వీధికొక పేరెంట్‌కి బాధ్యత ఇచ్చి, నంబర్లు కాగితం మీద కూడా రాసి పెడదామనుకుంటున్నాను. ఇది నిజంగా పనిచేస్తుందా? ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగాల్లో చేసినవాళ్ళు ఉంటే, మీ దగ్గర మొదటి పది నిమిషాల్లో ఎవరు ఎవరికి చెబుతారో కాస్త వివరంగా రాయండి, ప్లీజ్.