గీటురాయి అంటే ప్రమాణమా, పరీక్షా?

అశోక్‌నగర్ తెలుగు:
పోటీ పరీక్షలు రాసేవాళ్లకు తెలుగు చెబుతుంటాను. ఈ వారం ఒక నమూనా పత్రంలో 'గీటురాయి'కి సరైన అర్థం గుర్తించమని అడిగి, జవాబు 'ప్రమాణం' అని ఇచ్చారు. నేను ఒప్పుకోను. "ర్యాంకే ప్రతిభకు గీటురాయి" లాంటి వాక్యాలు చదివి చదివి మనకు అలా అలవాటైపోయింది గానీ, ఆ రాయికి ప్రమాణంతో పని లేదు.

అసలు రాయి చేసే పనేమిటో చూడండి. అది నల్లగా, నున్నగా, ఆమ్లానికి చెక్కుచెదరని రాయి. నగతో దానిమీద ఒక గీత గీస్తారు. పక్కనే వన్నె, అంటే స్వచ్ఛత, ముందే తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు. రెండింటినీ పోల్చి నగ వన్నె చెబుతారు. ప్రమాణం ఏదైనా ఉంటే అది ఆ రెండో గీత. రాయి ఆ రెంటినీ పక్కపక్కన చూపించే చోటు, అంతే.

మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. గీటు అంటే గీత. పాతమాట ఒరగల్లు. ఒరయు అంటే రాచుకొను, రుద్దు. ఒరపిడి అందులోంచి వచ్చిందే. కన్నడంలో ఒరెగల్లు, తమిళంలో ఉరైకల్, మలయాళంలో ఉరకల్లు. సంస్కృతంలో నికషం అన్నా రుద్దుడే. హిందీ, ఉర్దూల్లోని కసౌటీ సంస్కృత 'కషపట్టిక' నుంచి వచ్చింది, అందులోని 'కష' కూడా రుద్దడమే. ఇన్ని భాషల్లో ఒక్కచోటా కొలత అన్న భావం లేదు.

తార్నాక:
మాట ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండిపోవాలంటే మనం కొబ్బరినూనె అనకూడదు. నూనె అంటే నువ్వుల నెయ్యి. ఇవాళ పల్లీ నూనె అంటున్నాం, పొద్దుతిరుగుడు నూనె అంటున్నాం, ఎవరికీ తప్పుగా తోచదు. గీటురాయి కూడా అంతే. జనం ప్రమాణం అన్న అర్థంలో వాడుతున్నారు, నిఘంటువు వాళ్ల వెనక నడవాలి. ఇంకో మాట. రాయి లేకుండా మీ రెండు గీతలు ఎక్కడ పడతాయి? తీర్పుకు ఆధారమైనదాన్ని ప్రమాణం అనడంలో దోషం నాకు కనిపించడం లేదు.

గుల్జార్ హౌజ్ దుకాణం:
మాది తాతల నుంచి ఇదే పని. మీరంతా రాయి గురించి మాట్లాడుతున్నరు, ఎట్ల గీస్తరో నేను చెప్త. నగ మీద కనపడని జాగ, కొక్కెం దగ్గరనో వెనుకనో, చూసుకుంటం. పైన పూత ఉంటే మొదటి గీత మోసం చేస్తది, అందుకే ఆ జాగను ముందు కొంచెం రుద్ది, పైపొర పోయినంక అసలు గీత గీస్తం. పక్కన 22 క్యారెట్ల నమూనా బంగారు పుల్లతోటి ఒకటి, 18 పుల్లతోటి ఒకటి. ఒక్క తీరుగ, ఒక్క బలంతోటి గీయాలె. ఒకటి మందం, ఒకటి పల్చన అయితే పోలిక కుదరదు. దానిమీద తేజాబ్, అంటే ఆమ్లం, చుక్క పెడితే రాగి ఎక్కువున్న గీత పచ్చగ పొంగి కరిగిపోతది. మేలిమి గీత కదలదు. ఇదంతా పగటి వెలుతుర్ల చూడాలె, ట్యూబులైటు కింద చూస్తే కన్ను తప్పుతది.

గిరాకీ వచ్చి అడిగేది "టంచ్ ఎంత?" అని, అంటే మేలిమి ఎంత అని. రాయి సంగతి ఎవరు అడగరు. మరి అశోక్‌నగర్ సార్ చెప్పిందే కరెక్టు అనిపిస్తది నాకు. అయితే రాయిని తక్కువ చేయకుండ్రి. గరుకు రాయి మీద మంచి బంగారం కూడ అధ్వాన్నంగ కనపడతది.

ఉప్పల్, సొంతూరు హనుమకొండ:
ఈ లెక్కన మా ఓరుగల్లు కూడా ఒరగల్లే కదా? కాకతీయుల కాలంలో రత్నాలు, బంగారం వ్యాపారం జరిగిన నగరం. పేరు అట్లనే వచ్చి ఉంటది.

అశోక్‌నగర్ తెలుగు:
ఈ పోలిక చాలామంది చెప్తారు గానీ నిలవదండీ. ఓరుగల్లు అంటే ఒంటిరాయి. ఆ నగరానికే ఏకశిలానగరం అన్న సంస్కృతం పేరు ఉంది, రెండూ ఒకే అర్థం. ఒరగల్లులో మొదటి భాగం క్రియ, ఓరుగల్లులో అది సంఖ్య. రెంటికీ కలిసేది 'కల్లు' ఒక్కటే. రాయి అన్న అర్థంలో కల్లు ఇప్పుడు మన నోట్లో ఊరి పేర్లలోనూ, కల్లుప్పు లాంటి కొన్ని మాటల్లోనూ తప్ప పెద్దగా లేదు. కల్లు అనగానే ఈత చెట్టు, తాటి చెట్టు గుర్తొస్తున్నాయి. ఒరగల్లును గీటురాయి పక్కకు నెట్టడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

నల్లకుంట:
కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణం తీసి చూడండి. 1909లో మైసూరు నుంచి శామశాస్త్రి అచ్చు వేయించినప్పటి నుంచీ అందరికీ అందుబాటులో ఉన్న గ్రంథమే. పెసల రంగులో ఉండే కళింగదేశపు రాయి గీటు పెట్టడానికి శ్రేష్ఠమని అందులో ఉంది. కళింగమంటే మనకు పొరుగే, శ్రీకాకుళం వైపు కూడా అందులోకే వస్తుంది. ఆ మాట చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఇక మీ చర్చకు అసలైన వాక్యం. ముందు బంగారాన్ని గీటు పెట్టి, తర్వాత 'వర్ణిక'ను గీటు పెట్టాలి అంటాడు. ఎత్తుపల్లాలు లేని చోట, గీత అంతటా ఒకే రంగులో ఉండాలనీ అంటాడు. అంటే గుల్జార్ హౌజ్ అన్న చెప్పిందే. మరి వర్ణిక ఏమిటి? రాగిని కొద్దికొద్దిగా కలుపుతూ పోయి పదహారు మెట్లుగా తయారుచేసిన నమూనా బంగారం. వర్ణమే మన వన్నె. పదారు వన్నె బంగారం అని మన పెద్దలు అన్నమాట ఈ లెక్క మీదే నిలబడి ఉంది. కాబట్టి ప్రమాణానికి మనకు పేరు లేక కాదు. దాని పేరు వన్నె. రాయి పేరు దానికి పెట్టాల్సిన పని లేదు.

ఆ గ్రంథంలోనే రాయి దగ్గర జరిగే మోసాలూ ఉన్నాయి. ఇంగిలీకం లాంటివి చేతికి రాసుకుని బంగారం రంగు మార్చే కంసాలుల గురించి హెచ్చరిస్తాడు. ప్రమాణమే అయితే దాన్ని అంత తేలిగ్గా ఏమార్చడం కుదురుతుందా?

తార్నాక:
నల్లకుంట గారూ, చదివించినందుకు కృతజ్ఞతలు. కానీ మీరు రాయి లోపాన్నే చూపిస్తున్నారు. కాళిదాసు రఘువంశం మొదట్లోనే "హేమ్నః సంలక్ష్యతే హ్యగ్నౌ విశుద్ధిః శ్యామికాపి వా" అన్నాడు, బంగారం స్వచ్ఛతైనా నలుపైనా నిప్పులోనే తెలుస్తుందని. ఇవాళ్టికీ అంతే. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 22 క్యారెట్ల నగ మీద 916 అని ముద్ర ఉంటుంది, వెయ్యిలో 916 పాళ్లు బంగారమని. ఆ సంఖ్యను ఖాయం చేసేది రాయి కాదు. నగలోంచి చిన్న తునక తీసి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన గిన్నెలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో పెడతారు. సీసం, రాగి గిన్నెలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగిపోతుంది. ఆఖరికి మిగిలిన బంగారాన్ని తూస్తారు. మరి అసలు పరీక్ష ఇలా నిప్పులో పెట్టే పుటమే అయినప్పుడు, గీటురాయి అర్థం 'పరీక్ష' అనడం కూడా సగం నిజమే అవుతుంది కదా?

నల్లకుంట:
సగం నిజం ఎందుకవుతుంది? పుటం పెట్టాలంటే నగను కోయాలి. పాట్ మార్కెట్‌లో ఒక తల్లి గాజు తాకట్టు పెట్టడానికి వస్తే కోసి కరిగిస్తారా? నిఘర్షణ, ఛేదన, తాప, తాడనాలని, అంటే రుద్దడం, కోయడం, కాల్చడం, కొట్టడం అని నాలుగు పరీక్షలు చెప్పినవాళ్లు రుద్దడాన్ని మొదట పెట్టారు. నగను పాడుచేయని పరీక్ష గనుకే దానికి అంత విలువ.

వాడుకలో కూడా తేడా పట్టుకోవచ్చు. "ఆపద స్నేహానికి గీటురాయి" అనండి, దివ్యంగా ఉంది. ఆపద వచ్చి మనిషి మీద గీటు పెట్టింది, లోపలి వన్నె బయటపడింది. "తొంభై మార్కులే అర్హతకు గీటురాయి" అనండి, అక్కడ ఉన్నది హద్దు. హద్దును హద్దు అంటే సరిపోతుంది.

తార్నాక:
ఆపద వాక్యంలో రెండో గీత ఏది? మీరిద్దరూ పోలిక లేకుండా గీటురాయి లేదంటున్నారు. అక్కడ పోల్చడానికి వర్ణిక లేదు. మీ లెక్కన ఆ వాక్యమూ తప్పవ్వాలి.

అశోక్‌నగర్ తెలుగు:
ఉందండీ. ఇదివరకు మనల్ని ఆదుకున్న మనిషి ఎవరో ఒకరు ప్రతి ఒక్కరికీ ఉంటారు. కష్టంలో స్నేహితుణ్ని చూసేటప్పుడు మనసు పోల్చుకునేది వాళ్లతోనే. ఆ గీత కనపడదు గానీ లేకపోలేదు.

నమూనా పత్రం ఇచ్చినవారికి నా అభ్యంతరం రాసి పంపుతున్నాను. జవాబుగా 'పరీక్షించే సాధనం' ఉండాలని అడుగుతున్నాను, నల్లకుంట గారు చెప్పిన వర్ణిక వాక్యాన్ని ఆధారంగా జతచేస్తున్నాను. తార్నాక గారూ, మీ నూనె వాదన కూడా రాస్తాను, వాళ్లే తేల్చుకుంటారు.