ఆటలమ్మకు పెట్టే పచ్చమందు తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

కొర్లగుంట వాసి: పొద్దున్నుంచి గాంధీ రోడ్డులో, రుయా ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులన్నీ తిరిగాను. జెల్యోంకా అంటే ఎవరికీ తెలియడం లేదు. పాపకు ఆటలమ్మ పోసింది. మా బామ్మర్ది రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, అక్కడ ఒక్కో పొక్కు మీద ఈ పచ్చమందే పెడతారట. ఇక్కడేమో ఒకాయన జెన్షియన్ వయలెట్ తీసుకోమంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

చిత్తూరు మాస్టారు: పచ్చరంగుతో జాగ్రత్త నాయనా. బెండకాయలు, పచ్చిమిరపకాయలు నిగనిగలాడాలని మాలకైట్ గ్రీన్ పూస్తున్నారు. తినేవాటిలో దానికి మన దేశంలో అనుమతే లేదు. లిక్విడ్ పారఫిన్‌లో ముంచిన దూదితో కాయ మీద రుద్ది చూడండి. దూది పచ్చబడితే కల్తీ అన్నట్టే.

మందుల షాపు: ఇక్కడ దొరకదు. కాలమైన్ లోషన్ రాయండి.

రేణిగుంట నర్సు: మీరడిగేది బ్రిలియంట్ గ్రీన్, ఆల్కహాల్‌లో కలిపింది. అది ఆటలమ్మ వైరస్‌ను చంపదు. గోకిన పొక్కుల్లో బ్యాక్టీరియా చేరి చీము పట్టకుండా చూస్తుంది. రంగు లేని పొక్కు కొత్తదని తెలుస్తుంది, అంతే. పాప వయసెంత? జ్వరముందా? ఆస్పిరిన్ మాత్రం ఇవ్వొద్దు.

చిత్తూరు మాస్టారు: బ్రిలియంట్ గ్రీన్, మాలకైట్ గ్రీన్ ఒకటే కదమ్మా?

రేణిగుంట నర్సు: దగ్గరి రంగులే గానీ ఒకటి కాదు మాస్టారూ. మాలకైట్‌లో మిథైల్ ఉన్నచోట ఇందులో ఇథైల్ ఉంటుంది. జెన్షియన్ వయలెట్ కూడా ఆ జాతిదే.

చిత్తూరు మాస్టారు: జాతి ఒకటైనప్పుడు తేడా ఏముందమ్మా?

కొర్లగుంట వాసి: కెమిస్ట్రీ తర్వాత చూద్దాం సార్. రెండేళ్ల పాప. జ్వరముంది. అక్వేరియం షాపులో పచ్చమందు దొరికింది, చేపలకు ఫంగస్ పడితే వేస్తారట. సీసా మీద మాలకైట్ గ్రీన్ అని ఉంది. చేతుల మీద పొక్కులకు పెట్టేశాం. కనురెప్ప మీద కూడా ఒకటుంది, అక్కడ పెట్టొచ్చా?

మందుల షాపు: వద్దు.

రేణిగుంట నర్సు: కంటి దగ్గరకు తీసుకెళ్లొద్దు అన్నా! బ్రిలియంట్ గ్రీనే అయినా కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది, చూపు పోవచ్చు. చేపల మందు పిల్లల ఒంటికి అసలే వద్దు. పెట్టినచోట సబ్బునీళ్లతో మెల్లగా కడగండి. మరక కొన్నాళ్లుంటుంది, రుద్దితే పొక్కులు చిట్లుతాయి. రెప్ప మీద పొక్కంటే ఈరోజే డాక్టరుకు చూపించండి. కన్ను ఎర్రబడిందా?

చిత్తూరు మాస్టారు: ఆ షాపువాడు మనుషులకని తెలిసే అమ్మాడా?

కొర్లగుంట వాసి: కొంచెం ఎర్రగానే ఉంది. రుయాకు బయల్దేరాం. థ్యాంక్స్ అక్కా.

పీలేరు అమ్మ: మా బాబుకూ పోసింది. పొక్కులు మాడకముందే వేపాకు నీళ్లు పోయొచ్చా?