లంగరు వేసిన రాత్రి ఫ్రిజ్ ఆగిపోతోంది: బ్యాటరీ పెంచాలా?

గాలివాటం
మాది 9 మీటర్ల తెరచాప పడవ. ముందువైపు తలుపున్న 80 లీటర్ల ఫ్రిజ్, దానికి బీడీ35 అనే మోడల్ 12 వోల్టుల కంప్రెసర్. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి. రేవులో గట్టు కరెంటు మీద ఏ ఇబ్బందీ లేదు. లంగరు వేసుకుని పడుకుంటే మాత్రం తెల్లవారకముందే ఫ్రిజ్ ఆగిపోతోంది. మూడో బ్యాటరీ కొనమంటున్నారు. కొనాలా?

చుక్కాని
ముందు లెక్క చూడండి. ఆ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు సుమారు 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది. రోజులో సగం సేపు, అంటే 12 గంటలు తిరిగిందనుకుంటే 42 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది). లెడ్ యాసిడ్‌లో సగానికి మించి వాడకూడదు కాబట్టి మీ 200లో చేతిలో ఉన్నవి 100. దీపాలు, ఫోన్లు కలుపుకున్నా ఒక రాత్రి హాయిగా గడవాలి. గడవడం లేదంటే బ్యాటరీలు ముసలివైనా అయి ఉండాలి, కరెంటు దారిలో ఎక్కడో పోతూనైనా ఉండాలి. ఫ్రిజ్ ఆగినప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజి ఎంత, కంప్రెసర్ దగ్గర ఎంత? రెండు చోట్లా మీటర్ పెట్టి చూడండి.

నడిసంద్రం
లెడ్ యాసిడ్‌తో ఇంకా ఎందుకీ అవస్థ? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టుకోండి. 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, వోల్టేజి దాదాపు చివరిదాకా 13 దగ్గరే నిలుస్తుంది, బరువూ సగం కన్నా తక్కువ.

చుక్కాని
మంచిదే, కాదనను. కానీ దాన్ని నేరుగా ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు కలపమని మాత్రం ఎవరికీ చెప్పకండి. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి మాడుతుంది. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ ఉన్నట్టుండి ఛార్జింగ్ తెంపేస్తే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోతాయి. మధ్యలో కరెంటును అదుపులో పెట్టే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. ఆ ఖర్చు కూడా కలిపి చెప్పండి.

తెడ్డు
మీరిద్దరూ బ్యాటరీ దగ్గరే ఆగిపోయారు. అసలు తినేది పెట్టె. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలికి వచ్చిన వేడిని బయటికి తోస్తుంది. వేడి ఎంత తక్కువ వస్తే కంప్రెసర్ అంత తక్కువ తిరుగుతుంది. చాలా పడవల్లో పెట్టె చుట్టూ ఫోమ్ పలుచగా ఉంటుంది. నేను పక్కలకూ అడుగుకూ పాలియురేథేన్ ఫోమ్ 10 సెంటీమీటర్ల మందం వచ్చేదాకా అతికించాను. లోపల చోటు తగ్గిందని ఇంట్లో గొడవ అయిన మాట నిజమే కానీ, వాడకం బాగా తగ్గింది.

ఇంకో మాట. ముందు తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లగాలి, బరువైనది కనుక, కిందికి జారి బయటికి పోతుంది. పైన మూత ఉన్న పెట్టెలో ఆ బాధ తక్కువ. పెట్టె అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటే దాన్నీ చూడండి. చాలామంది పట్టించుకోరు, రాత్రంతా చల్లగాలి అందులోంచి కారిపోతూనే ఉంటుంది. గొట్టాన్ని వంపు తిప్పి ఆ వంపులో నీళ్లు నిలిచేలా చేస్తే చాలు.

కంప్రెసర్ మూసిన అరలో ఉందా? వేడిగాలి పోయే దారి పైన, కొత్త గాలి వచ్చే దారి కింద లేకపోతే అది తాను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

గాలివాటం
మీటర్ పెట్టాను. ఆగిన సమయంలో బ్యాటరీ దగ్గర 12.1. కంప్రెసర్ స్టార్ట్ అవబోయే క్షణంలో దాని దగ్గర 10.2! కంప్రెసర్‌ను నడిపే కంట్రోలర్‌కు, లోపమేంటో మెరుపులతో చెప్పేలా, చిన్న ఎల్‌ఈడీ బిగించాను, ఒక్కసారి వెలిగి ఆగి మళ్లీ ఒక్కసారి వెలుగుతోంది.

చుక్కాని
దొరికింది. ఒక్క మెరుపు అంటే తక్కువ వోల్టేజి రక్షణ. ఆ కంట్రోలర్ మామూలు అమరికలో 10.4 దగ్గర ఆపేస్తుంది, 11.7 దాటితేనే మళ్లీ మొదలుపెడుతుంది. మూడు మెరుపులైతే మోటార్ స్టార్ట్ కాలేదని, అయిదైతే వేడెక్కిందని అర్థం. మీ బ్యాటరీలో కరెంటు ఉంది, అది ఫ్రిజ్ దాకా చేరడం లేదు. వైరు ఎంత లావు, రానూ పోనూ ఎంత పొడవు?

గాలివాటం
2.5 చదరపు మిల్లీమీటర్లు, రానూ పోనూ 10 మీటర్లు.

చుక్కాని
5 ఆంపియర్లకు ఆ వైరులో పోయేది దాదాపు 0.35 వోల్టు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకొంత పెరుగుతుంది, అయినా మీకు తగ్గినంత తగ్గకూడదు. ఫ్యూజు గూడు, టెర్మినళ్లు విప్పి చూడండి. ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు మార్చి, స్విచ్ బోర్డుతో పని లేకుండా ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి వేయండి.

కొత్తతీరం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద నడపవచ్చా? కంప్రెసర్ లేని కూలింగ్ పెట్టెలు చౌకగా ఉన్నాయి, అవెలా ఉంటాయి?

తెడ్డు
ఇన్వర్టర్ ఫ్రిజ్ తిరగని వేళల్లో కూడా తన వాటా తాను తింటుంది. పెద్ద సోలార్ ఉంటే సాగుతుంది. కంప్రెసర్ లేనివి పెల్టియర్ పెట్టెలు, అంటే కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పలకతో పనిచేసేవి. బయటి వేడి కన్నా 20 డిగ్రీలు తగ్గించడమే వాటికి గొప్ప, అదీ రోజంతా 4, 5 ఆంపియర్లు తాగుతూ. పడవకు వద్దు.

గాలివాటం
ఫ్యూజు గూడు నిండా చిలుమే. వైరు మార్చాక ఫ్రిజ్ తెల్లవార్లూ నడిచింది. కానీ మబ్బు లేని రోజున కూడా ప్యానెల్ 30 ఆంపియర్ అవర్లు దాటడం లేదు. రెండు రోజులు లంగరు మీద ఉంటే లోటే.

నడిసంద్రం
తెరచాప దూలం నీడ ప్యానెల్ మీద పడుతోందా? ఒక మూల నీడ పడినా రాబడి సగానికి పైగా పడిపోవచ్చు. దూలాన్ని పక్కకు లాగి కట్టండి. ఆపైన ఇంకో 100 వాట్లు పెట్టండి. మధ్యాహ్నం మిగులు ఉన్నప్పుడు థర్మోస్టాట్ తగ్గించి నీళ్ల సీసాలు గడ్డకట్టించుకుంటే రాత్రి కంప్రెసర్‌కు పని తగ్గుతుంది.

గాలివాటం
నీడ ఉంది, సరిచేశాను. థర్మోస్టాట్ వైరులో 1523 ఓముల రెసిస్టర్ ఒకటి కనిపించింది. అదెందుకు?

చుక్కాని
వేగం కోసం. దానితో కంప్రెసర్ నిమిషానికి 3500 చుట్లు తిరుగుతుంది. అది తీసి వైరును నేరుగా కలిపితే 2000. ఎక్కువ సేపు తిరిగినా మొత్తం మీద తక్కువ తింటుంది. ఎండ దంచే రోజుల్లో ఆగకుండా తిరుగుతూనే ఉంటే 277 ఓములది పెట్టి చూడండి, 2500 వస్తుంది.